దాత్ సో లా లీ: వాషో ఆదివాసీ బుట్టల తల్లి

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తెస్తున్న ఈ సంచికలో, మన పెద్దల జీవితాలతో పాటు సముద్రాల అవతలి ఒక ఆదివాసీ తల్లి జీవితాన్ని కూడా చేర్చాలని అనుకున్నాం. ఆమె అమెరికాలోని వాషో జాతి స్త్రీ. లోకానికి తెలిసిన పేరు దాత్ సో లా లీ. కాగితాల మీద పేరు లూయిసా కైజర్. జీవితమంతా బుట్టలు అల్లారు. ఆ బుట్టలు ఈనాడు అమెరికాలోని పేరున్న మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి. వేలంపాటకు వస్తే లక్షల డాలర్లు పలుకుతున్నాయి.

ఇంత పేరున్న మనిషి గురించి యాభై ఏళ్ల పాటు పత్రికల్లోనూ పుస్తకాల్లోనూ వచ్చిన కథలో చాలా భాగం నిజం కాదు. ఆ కథను ఆమె చెప్పలేదు, ఆమె జాతివాళ్లూ చెప్పలేదు. ఆమె బుట్టలు అమ్మిన దుకాణం వాళ్లు చెప్పారు. యువత ఆమె జీవితాన్ని తెలుసుకోవాలని మేం కోరడానికి ఆమె పనితనం ఒక కారణమైతే, ఈ సంగతి రెండో కారణం.

వాషో నేల

అమెరికా పశ్చిమాన కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దులో సియెర్రా నెవాడా అనే పెద్ద కొండల వరుస ఉంది. ఆ కొండల మధ్య, సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తులో తాహో అనే లోతైన మంచినీటి సరస్సు ఉంది. ఈ పేరు వాషో భాషలో సరస్సు అనే మాట నుంచే వచ్చింది. ఆ సరస్సూ దాని చుట్టూ ఉన్న కొండలూ లోయలూ వాషోల నేల. ఎండాకాలం సరస్సు దగ్గర చేపలు పట్టేవారు. ఆకులు రాలే కాలంలో తూర్పు కొండలకు వెళ్లి పైన్ గింజలు ఏరేవారు. చలికాలం కింది లోయల్లో గడిపేవారు.

ఈ బతుకులో ప్రతి పనికీ ఒక బుట్ట ఉండేది. గింజలు మోసుకురావడానికి వీపుకు తగిలించుకునే గంప, వాటిని చెరగడానికి చేట, జావ కాచుకోవడానికి దగ్గరగా అల్లిన గిన్నెలాంటి బుట్ట, పసిబిడ్డను వీపున మోయడానికి అల్లిన తొట్టి. జావ కాచే బుట్టను పొయ్యి మీద పెట్టరు. నిప్పుల్లో కాల్చిన రాళ్లను జావలో వేసి కలుపుతారు, ఆ వేడికి జావ ఉడుకుతుంది. అంత దగ్గరగా ఉంటుంది ఆ అల్లిక. ఈ పనులన్నీ ఆడవాళ్లవి. తల్లి చేతిని చూసి కూతురు నేర్చుకునేది.

పరిశోధకుల లెక్క ప్రకారం లూయిసా 1850 ప్రాంతంలో పుట్టారు. అంటే ఆమె పుట్టే నాటికే వాషోల నేల మీద పెద్ద ఆపద వచ్చి పడింది. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. వేలమంది తెల్లవాళ్లు వాషోల లోయల మీదుగా బండ్లు కట్టుకుని వచ్చారు. 1859లో ఆ పక్కనే వర్జీనియా సిటీ దగ్గర వెండి గనులు బయటపడ్డాయి. గనులకు దూలాలు కావాలి, పొయ్యిలకు కట్టెలు కావాలి. అడవులను నరికేశారు. వాషోలకు తిండి పెట్టే పైన్ చెట్లు కూడా అందులో పోయాయి. సరస్సులో చేపలను వ్యాపారులు వలలేసి పట్టుకుపోయారు. లోయల్లో పశువుల మందలు దిగాయి. వాషోలకు చాలాకాలం ఒక రిజర్వేషన్ భూమి కూడా ఇవ్వలేదు. ఇళ్లు వేసుకోవడానికి కొద్దిపాటి స్థలాలు దొరికేసరికి 1917 వచ్చింది.

నేల పోయిన మనిషి కూలికి వెళ్లక తప్పదు. ఈ మాట మనకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. లూయిసా కూడా గని పనివాళ్ల ఇళ్లలో, పట్నం ఇళ్లలో వంట చేశారు, బట్టలు ఉతికారు. బుట్టలు అల్లడం మాత్రం మానలేదు. 1888లో చార్లీ కైజర్ అనే వాషో ఆయనను పెళ్లాడారు. లూయిసా కైజర్ అన్న పేరు అప్పుడు వచ్చింది.

కార్సన్ సిటీలో దుకాణం

నెవాడా రాజధాని కార్సన్ సిటీలో ఏబ్ కోన్ అనే వ్యాపారి బట్టల దుకాణం నడిపేవారు. దాని పేరు ఎంపోరియం. ఆయన భార్య ఎమీ కోన్‌కు ఆదివాసీల బుట్టలంటే ఇష్టం. 1895లో లూయిసా సన్నని అల్లిక తొడిగిన కొన్ని చిన్న సీసాలను ఆ దుకాణానికి అమ్మకానికి తెచ్చారు. ఆ పనితనం చూసి కోన్ దంపతులు ఆమెతో ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆమె అల్లే బుట్టలన్నీ వాళ్లకే ఇవ్వాలి. బదులుగా ఆమెకూ భర్తకూ ఇల్లు, తిండి, బట్ట, వైద్యం వాళ్లు చూసుకుంటారు. తమ ఇంటి పక్కనే చిన్న ఇల్లు కట్టించి ఇచ్చారు. ఈ ఏర్పాటు ఆమె చనిపోయే దాకా, ముప్ఫై ఏళ్లు సాగింది.

దీన్ని ఎలా చూడాలి? ఒకవైపు, రోజంతా బట్టలు ఉతకాల్సిన అవసరం తప్పింది. ఒక్క బుట్ట మీద ఏడాది పాటు కూర్చోగల తీరిక ఆమెకు దొరికింది. ఆ కాలంలో ఏ వాషో స్త్రీకీ అది లేదు. ఇంకోవైపు, తన చేతిపని ధర ఎంతో నిర్ణయించే హక్కు ఆమెకు లేకుండా పోయింది. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాస్తే ఆమె జీవితం మనకు అర్థం కాదు.

చుట్ట అల్లిక పని

మన కోలాం, ఎరుకల ఇళ్లలో వెదురు బద్దలను ఒకదాని కిందుగా ఒకటి, మీదుగా ఒకటి పోనిచ్చి తట్టలు, గంపలు, చేటలు అల్లడం మనం చూస్తూనే ఉన్నాం. లూయిసా చేసిన పని తీరు వేరు. కుండ కింద పెట్టే చుట్టకుదురును గుర్తు చేసుకోండి. అలా ఒక చుట్ట మీద ఇంకో చుట్ట పేర్చుకుంటూ, ప్రతి చుట్టనూ కింది చుట్టకు కుట్టుకుంటూ పోతే గిన్నె ఆకారం వస్తుంది. దీన్నే చుట్ట అల్లిక అంటాం.

చుట్ట లోపల మూడు సన్నని విల్లో పుల్లలు ఉంటాయి. విల్లో అంటే ఏటి ఒడ్డున పెరిగే చెట్టు, దాని లేత కొమ్మలు బాగా వంగుతాయి. కుట్టడానికి వాడే నారా విల్లోదే. కొమ్మ చివర ఒక పాయను పళ్లతో పట్టుకుని, మిగతా రెండు పాయలను చెరో చేత్తో పట్టి, నిలువునా మూడుగా చీలుస్తారు. లోపలి బెండు, పై బెరడు తీసేస్తారు. మిగిలిన పాయను కత్తితోనో గాజుపెంకుతోనో గీకి, మొదలు నుంచి చివరి దాకా ఒకే మందం వచ్చేలా చేస్తారు. దబ్బనం లాంటి మొనదేలిన పనిముట్టుతో కింది చుట్టలో రంధ్రం పొడిచి, ఆ నారను దూర్చి బిగిస్తారు. ఇలా వేసేది ఒక్క కుట్టు.

రంగుల కోసం రంగు వేయరు. నలుపు ఫెర్న్ మొక్క వేరు నుంచి వస్తుంది, ఆ వేరును బురదలో పాతిపెట్టి నల్లగా చేస్తారు. ఎరుపు రెడ్‌బడ్ అనే పొద కొమ్మల బెరడుది. ఎక్కడ బొమ్మ రావాలో అక్కడ తెల్లనార ఆపి నల్లదో ఎర్రదో అందుకోవాలి. కాగితం మీద గీసుకోవడం ఉండదు. బుట్ట చుట్టుకొలత చుట్ట చుట్టకూ మారుతుంది కాబట్టి, బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ఆ లెక్కంతా అల్లే మనిషి మనసులోనే జరగాలి.

ఈ అల్లిక వాషోలది మాత్రమే కాదు. అపాచీ అన్న మాట వినగానే మన పిల్లలకు యుద్ధ హెలికాప్టర్ గుర్తొస్తుంది. నిజానికి అది అరిజోనా, న్యూ మెక్సికో ప్రాంతాల ఆదివాసీల పేరు. పశ్చిమ అపాచీ స్త్రీలు కూడా మూడు పుల్లల చుట్ట మీదే విల్లోతో కుట్టేవారు. వాళ్లకు నలుపు ఇచ్చేది డెవిల్స్ క్లా అనే మొక్క, కొక్కేల్లాంటి కొమ్ములున్న దాని ఎండుకాయ పొట్టును నారగా చీల్చి వాడేవారు. అపాచీ బుట్టల్లో నడిమధ్య నుంచి విచ్చుకునే నక్షత్రాలు, మెలికల గీతలు, మనుషులు, గుర్రాలు, జింకల బొమ్మలు నిండుగా కనిపిస్తాయి. లూయిసా దారి ఇందుకు భిన్నం. ఆమె బుట్టలో ఎక్కువ భాగం ఖాళీగా, తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు మీద చిన్న చిన్న త్రికోణాలు దీపపు మంటల్లా కింది నుంచి పైకి వరుసగా పోతాయి. బుట్ట పొట్ట వెడల్పయ్యే చోట అవి పెద్దవవుతాయి, మూతి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చిన్నవవుతాయి.

ఆమె కట్టిన కొత్త రూపం

లూయిసాకు పేరు తెచ్చిన బుట్ట రూపాన్ని దెగికుప్ అంటారు. చిన్న అడుగుతో మొదలై, గుండ్రంగా పొట్ట విచ్చుకుని, మళ్లీ లోపలికి ముడుచుకుని, అడుగంత వెడల్పు ఉన్న మూతితో ముగుస్తుంది. చూడటానికి బంతిలా ఉంటుంది. జావ కాయడానికి గానీ గింజలు చెరగడానికి గానీ పనికిరాదు. చూసి ఆనందించడానికే అల్లిన బుట్ట అది.

ఈ రూపం, దాని మీద ఇలా చెదిరినట్టు అమర్చిన బొమ్మల వరుస ఆమెకు ముందు వాషోల్లో లేవు. వాషోల పాత చుట్ట అల్లికను పట్టుకుని, కాలిఫోర్నియా వైపు జాతుల బుట్టలను చూసి నేర్చినదాన్ని కలిపి, 1895 తరువాతి కొద్ది ఏళ్లలో ఆమె తయారు చేసుకున్న రూపం అది. ఎరుపు నలుపు రెండూ కలిపి వాడటం, కుట్లను చాలా సన్నగా వేయడం కూడా ఆమె పనిలో ముఖ్యం. ఆమె బుట్టల్లో మేలైనవాటిలో అంగుళం నిడివిలో ముప్ఫైకి పైగా కుట్లు ఉంటాయి.

అన్నిటికంటే పేరు పొందినది బీకన్ లైట్స్ అని పిలిచే బుట్ట. 1904లో మొదలుపెట్టి 1905లో పూర్తి చేశారు. ఎత్తు సుమారు 28 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. దానిలో 80,929 కుట్లు ఉన్నాయని కోన్ దుకాణం వాళ్లు లెక్క రాసుకున్నారు. ప్రతి కుట్టుకూ ఒక రంధ్రం పొడవాలి, ఒక నార దూర్చాలి, ఒకసారి బిగించాలి. ఒక్క కుట్టు వదులైనా బుట్ట ఆకారం చెడుతుంది. 1914లో ఈ బుట్టను పిట్స్‌బర్గ్ నగరానికి చెందిన స్టైనర్ అనే సేకర్త 1,400 డాలర్లకు కొన్నారు. ఆ రోజుల్లో కూలివాడికి అది ఏళ్ల తరబడి సంపాదన. ఏర్పాటు ప్రకారం బుట్ట దుకాణానిది, ధరా దుకాణానిదే. ప్రస్తుతం ఆ బుట్ట న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఫెనిమోర్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది.

దుకాణం చెప్పిన కథ

ఎమీ కోన్ ప్రతి పెద్ద బుట్టకూ నంబరు వేసి, కొలతలు, కుట్లు, మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు పుస్తకంలో రాశారు. ఈ లెక్కల వల్లే ఆమె పెద్ద బుట్టలు సుమారు 120 మనకు వివరంగా తెలిశాయి. ఇంత శ్రద్ధగా రాసిన చేయి ఇంకోవైపు కల్పనలు కూడా రాసింది. లూయిసా నాయకుడి కూతురని, రాజకుమారి వంటిదని ప్రచారం చేశారు. 1844లో ఆ దారిన వెళ్లిన తెల్ల అన్వేషకుడు ఫ్రేమాంట్‌ను ఆమె స్వయంగా కలిశారని చెప్పారు. అందుకోసం ఆమె వయసును ఇరవై ఏళ్లు పెంచారు. యుద్ధంలో ఓడిన వాషోలు బుట్టలు అల్లకూడదని పొరుగున ఉన్న పైయూట్ జాతి నిషేధించిందని, ఆమె ఒక్కతే దాన్ని ధిక్కరించిందని కథ కట్టారు. దెగికుప్ అనేది వాషోల కర్మకాండల్లో వాడే ప్రాచీన బుట్ట అన్నారు. ప్రతి బుట్టకూ ఒక పేరు పెట్టి, ప్రతి త్రికోణానికీ ఒక అర్థం చెప్పారు.

ఎందుకిలా చేశారు? కొనేవాళ్లకు అలాంటి కథే కావాలి కాబట్టి. ఆదివాసీ చేతిపని అంటే అది ఎప్పటిదో, మారనిదో, పూజకు సంబంధించినదో అయి ఉండాలని పట్నం సేకర్తలు అనుకునేవారు. నిన్నటి దాకా ఇళ్లలో బట్టలు ఉతికిన ఒక ఆదివాసీ స్త్రీ, తన తెలివితో ఒక కొత్త కళారూపాన్ని కట్టిందంటే వాళ్లు నమ్మరని దుకాణం వాళ్లకు తెలుసు. అందుకని ఆమె సృష్టిని ప్రాచీనం చేసేశారు. బుట్ట అమ్ముడుపోయింది. దాన్ని కనిపెట్టిన ఘనత మాత్రం ఆమె దగ్గర మిగల్లేదు. డబ్బు నష్టం కంటే ఇదే పెద్ద నష్టమని మేం అనుకుంటున్నాం.

ఎండాకాలంలో తాహో సరస్సు దగ్గర కోన్ దంపతులు ఇంకో దుకాణం నడిపేవారు. లూయిసా అక్కడ కూర్చుని అల్లుతుంటే సెలవులకు వచ్చినవాళ్లు చూసేవారు. తాతముత్తాతలు చేపలు పట్టిన నేల మీద ఆమె చూడటానికి వచ్చినవాళ్ల ముందు కూర్చోవాల్సి వచ్చింది. 1919లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన పారిశ్రామిక ప్రదర్శనకు కూడా ఆమెను తీసుకువెళ్లి అల్లించారు. అప్పటికే ఆమె పెద్ద వయసు మనిషి.

మరణం, ఆ తరువాత

1925 డిసెంబరు 6న లూయిసా కార్సన్ సిటీలో కన్నుమూశారు. ఆ పక్కనే ఉన్న స్టీవర్ట్ శ్మశానంలో ఆమె సమాధి ఉంది. చివరి దాకా అల్లుతూనే ఉన్నారు. 1945లో నెవాడా రాష్ట్రం, కోన్ కుటుంబం దగ్గర మిగిలిన బుట్టల్లో ఇరవైని ఒక్కొక్కటి 75 డాలర్ల చొప్పున కొని, రాష్ట్ర మ్యూజియానికి పది, చరిత్ర సంస్థకు పది అప్పగించింది.

ఆమె కట్టిన రూపం ఆమెతో ఆగిపోలేదు. భర్త చార్లీ చెల్లెలు సీస్ బ్రయంట్, మ్యాగీ మేయో జేమ్స్, శారా జిమ్ మేయో, లీనా డిక్ వంటి వాషో స్త్రీలు దాన్ని అందుకున్నారు. వాళ్లు ఆమె పనిని అచ్చుగుద్దినట్టు దించలేదు. శారా మేయో మనుషులు, జంతువులు, చెట్ల బొమ్మలు తెచ్చారు. లీనా డిక్ రంగులను తనదైన తీరులో కలిపారు. ఒక్క స్త్రీ మొదలుపెట్టిన పని ముప్ఫై, నలభై ఏళ్లలో ఒక జాతి కళగా నిలబడింది. సంప్రదాయం అంటే ఇలాగే పెరుగుతుంది. పెద్దల దగ్గర నేర్చుకున్న ఒకరు దానికి ఒక అడుగు కలుపుతారు, మిగతావాళ్లు మెచ్చితే అది అందరిదీ అవుతుంది.

దుకాణం కథ మాత్రం చాలాకాలం అలాగే సాగింది. 1970ల నుంచి మార్విన్ కోహోడాస్ అనే కళాచరిత్రకారుడు ఎమీ కోన్ రాసిన పుస్తకాలను, అప్పటి పత్రికలను, బుట్టలను పక్కపక్కన పెట్టి పరిశీలించి, ఏది కల్పనో ఏది నిజమో విడదీశారు. 1979లో దెగికుప్ పేరుతోనే ఆయన పుస్తకం వచ్చింది. బుట్టలను జాగ్రత్తగా చదివితే అవే సాక్ష్యం చెప్పాయి. మొదటి బుట్టల నుంచి చివరి బుట్టల దాకా రూపం ఎలా మారిందో, బొమ్మ ఎలా సన్నబడిందో చూస్తే, అది ఎప్పటినుంచో ఉన్న కర్మకాండ బుట్ట కాదని, ఒక మనిషి ఏటేటా సాధన చేసి సాధించినదని తేలింది. ఆమె కొత్త రూపాన్ని సృష్టించిన కళాకారిణి అన్న గుర్తింపు అలా తిరిగి వచ్చింది. వాషో జాతి నేటికీ ఉంది. వాళ్ల పిల్లలు భాష నేర్చుకుంటున్నారు. విల్లో కోసుకొచ్చి చీల్చే చేతులు ఇంకా ఉన్నాయి.

మన యువతకు

ప్రియమైన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ జీవితం చదివాక మన ఊళ్లవైపు ఒకసారి చూడండి. మన అవ్వ అల్లే గంపకు, మన తాత చెక్కే డోలుకు, మన గోడల మీద వేసే ముగ్గుకు కథలు కట్టి అమ్మేవాళ్లు మనకూ ఉన్నారు. ఆ కథల్లో అవ్వ పేరు ఉండదు. గిరిజన కళ అని ఒక్క మాట ఉంటుంది. అది వేల ఏళ్ల నాటిదని రాసి ఉంటుంది, పోయిన ఏడాది ఆమె కొత్తగా కలిపిన మెలిక గురించి ఒక్క ముక్క ఉండదు.

మేం మీ నుంచి కోరేది పెద్ద పని కాదు. మీ చేతిలో ఫోన్ ఉంది. ఇంట్లో పనితనం ఉన్న పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. ఏ చెట్టు, ఏ కాలంలో కోయాలి, ఎలా చీల్చాలి, ఈ బొమ్మ ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏది తమ సొంత ఆలోచన అని అడిగి మన భాషలోనే రికార్డు చేయండి. వస్తువు అమ్మేటప్పుడు చేసినవాళ్ల పేరు, ఊరు రాసి అంటించండి. అర్థం లేని బొమ్మకు అర్థం కల్పించి చెప్పకండి. అందంగా ఉందని వేశాం అన్నా అది నిజమైన జవాబే. ఎంతకు అమ్ముడుపోయిందో, చేసినవాళ్లకు ఎంత చేరిందో లెక్క అడగండి. వీలైతే ఆ పని మీరూ నేర్చుకోండి, నేర్చుకున్నాక మీ అడుగు ఒకటి కలపండి.

లూయిసా కైజర్ అల్లిన ప్రతి కుట్టునూ లెక్కపెట్టి రాసినవాళ్లు ఉన్నారు. ఆమె ఏమనుకున్నారో అడిగి ఆమె మాటల్లో రాసిపెట్టాలన్న ఆలోచన మాత్రం వాళ్లకు రాలేదు. మన పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ముందుగా ఆ పని మొదలుపెట్టండి. మీరు రాసి పంపితే వచ్చే సంచికలో వాళ్ల పేర్లతోనే అచ్చు వేస్తాం.